పని లేకుండా ఎవరినీ లేపవద్దన్న మనిషి

మా గురువు హనుమంతరాయప్ప గారు దివంగతులయ్యారు. మొన్న మధ్యాహ్నం పావగడలో ఒక ఆఫీసు వరండాలో, బెంచీ మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే తల వాల్చేశారట. కబురు తెచ్చిన ఆటో డ్రైవరును "సరిగ్గా చూసినావా?" అని రెండుసార్లు అడిగాను. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడూ తగ్గలేదు.

నిడుగల్లులో గొర్రెల కాపరుల ఇంట పుట్టి, పావగడలో మాకు కంప్యూటర్ విద్య నేర్పిన మనిషి ఆయన. వేరుశనగ విత్తే రైతుకు తన ఊరి వాన సంగతి తన ఊళ్లోనే తెలియాలన్న సంకల్పంతో, వర్షపాతం నమోదు చేసే చిన్న కంప్యూటరును నిడుగల్లు గుట్ట మీద బిగించారు. అక్కడ కరెంటు లేదు. పెట్టిన లారీ బ్యాటరీ మూడు రోజులకే చచ్చిపోయేది.

"పెద్ద బ్యాటరీ పెడదాం సార్," అన్నాను.

"దొంగ యాడుండాడో చూడకుండా తాళం మారుస్తావేందిప్పా?" అన్నారు.

దొంగ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన కెర్నల్ అనే భాగంలోనే దొరికాడు. అందులోని టైమర్ సెకనుకు వందసార్లు ప్రాసెసర్‌ను తట్టి లేపి, పనేమైనా ఉందా అని చూస్తుంది. మా యంత్రానికి పావుగంటకు ఒకసారే పని. తక్కిన లేపుళ్లన్నీ వృథా.

అది చూసి సారు మొహం ఎర్రబడింది. "మా యమ్మను ఇట్లే చేసినారప్పా," అన్నారు. కరువు పనుల కాలంలో ఆమె రోజూ నాలుగు మైళ్లు నడిచిపోయి వరసలో నిలబడితే, మేస్త్రీ "ఈ పొద్దు పని లేదు, రేపు రా" అనేవాడట. "పని ఎప్పుడుండాదో వానికి ముందే తెలుసు. తెలిసీ నడిపించినాడు."

ఆరు నెలలు ఆ కోడ్‌తో కుస్తీ పట్టారు. తర్వాతి పని ఎప్పుడో ముందే చూసుకుని, ఆ వేళకు ఒక్క అలారం పెట్టి, అంతవరకు ప్రాసెసర్‌ను నిద్రపోనిచ్చేలా మార్చారు. మొదట గడియారం వెనకబడింది. తట్టిన ప్రతిసారీ ఒకటి కూడుకుంటూ కాలాన్ని లెక్కించే కెర్నల్ అది. ఆ సంగతి మేము మరిచాము. లేవగానే నిద్రపోయిన కాలాన్ని కలుపుకోమని సారు మళ్లీ రాశారు. అదే బ్యాటరీ నెల దాటినా నిలిచింది.

ఇక యంత్రాన్ని గుట్ట మీద శాశ్వతంగా ఉంచేందుకు తాలూకా ఆఫీసు అనుమతి కావాలి. వచ్చి వివరించమని ఆఫీసు పిలిచింది. గుండెజబ్బు మనిషి, ఎండలో బస్సెక్కి వెళ్లారు. అధికారి కోసం అడిగితే అక్కడి గుమాస్తా "సాహేబరు లేరు, రేపు రండి" అనేవాడు. ఇలా పదకొండుసార్లు. పదకొండోసారి తిరిగి రాలేదు.

నేను పోయి గుమాస్తాను నిలదీశాను. "ఆ దినం సాహేబరు సెలవులో ఉండేది నీకు తెలీదా?"

"తెలుసప్పా. ముందు దినమే చెప్పిపోయినాడు."

"మళ్లా ఎందుకు పిలిచినావు?"

"పిలిచేది మామూలే కదా," అన్నాడు, ఫైలు లోంచి తలెత్తకుండా.

ఆ సాయంత్రం గుట్ట ఎక్కాను. యంత్రం నిద్రలో ఉంది. వేళ కాగానే లేచి, వాన లేదని రాసుకుని, మళ్లీ పడుకుంది. ఒక యంత్రానికి చూపిన ఆ దయ ఈ తాలూకాలో ఒక వృద్ధునికి దొరకలేదు. అటువంటి గురువు మాకు మళ్లీ దొరకరు. సారూ, మీ పాదాలకు మా ప్రణామం.

అనుమతి విషయమై రేపు నన్ను రమ్మని ఆఫీసు నుంచి కబురొచ్చింది. పనుంటేనే వస్తానని చెప్పి పంపాను.