లింకే ఆరో పాట

ఫోల్క్‌మార్ డ్యోర్‌ఫెల్ మా థియేటర్ ఆర్కెస్ట్రాలో ఇరవై ఆరేళ్లు రెండో హార్న్ వాయించాడు. చుట్టలు తిరిగిన ఆ ఇత్తడి బూర వాయించేవాళ్లలో మొదటివాడికి పేరొస్తుంది, రెండోవాడికి జీతమొస్తుంది అని తనే నవ్వేవాడు. నేను అక్కడే గాయకులకు పియానో మీద సాధన చేయించేదాన్ని.

తొంభై ఆరులో పక్కనున్న వేడినీటి స్నానాల ఊళ్లో పాత కచేరీ హాలుకు మరమ్మతులు మొదలయ్యాయి. కాపలాదారు ఒక బీరువా నిండా ఉన్న కాగితాలు పొయ్యిలో పెట్టబోతుంటే, అక్కడ వదిలేసిన తన స్వరాల కాగితాల స్టాండు తెచ్చుకోవడానికి వెళ్లిన ఫోల్క్‌మార్ ఆపి, ఒక కట్ట చంకన పెట్టుకొచ్చాడు. నూట నలభై ఏళ్ల కిందట ఆ హాల్లోనే హార్న్ వాయించిన ఎయర్‌హార్ట్ లింకే రాసిన తొమ్మిది పాటలవి, హార్న్‌కూ పియానోకూ. పెద్దిళ్ల హాళ్లలో సాయంత్రాలు కాఫీ తాగుతూ వినడానికి రాసినవి. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

మర్నాడే మా ఇంట్లో మూడోది వాయించి చూశాం. ఆర్కెస్ట్రాలో పక్కవాడి స్వరానికి అడుగున ఆనుకుని ఉండడమే ఫోల్క్‌మార్ పని. ఆ బూరలోంచి అంత మెత్తటి గొంతు నేనెన్నడూ వినలేదు. అయ్యాక పెదవులు తుడుచుకుని, "నా కోసమే రాశాడే మహానుభావుడు" అన్నాడు.

చిక్కల్లా ఆరోదాంతో వచ్చింది. హార్న్ కాగితం ఉంది, పియానో కాగితం లేదు.

"ఎనిమిది చాల్లేవయ్యా. వసంతంలో కచేరీ పెడదాం" అన్నాను.

"తొమ్మిది రాసినాయనకి ఎనిమిది వాయించి దండం పెడతామా?"

"పోనీ, ఆ పియానో భాగం నేనే రాసిస్తాను."

"నీదెవడిక్కావాలి ఎల్ఫ్రీడా? ఆయనది కావాలి."

ఆ వెతుకులాట ఎనిమిదేళ్లు సాగింది. సెలవు దొరికితే చాలు, ఫోల్క్‌మార్ రొట్టెలో సాసేజీ పెట్టుకుని రైలెక్కేవాడు. పాత పుస్తకాల కొట్లు, చర్చి అటకలు, పోయిన సంగీతం మాస్టార్ల భార్యలు, ఎవరినీ వదల్లేదు. ఆయన భార్య రోస్విటా ఒకసారి నా ముందే దులిపేసింది: "నువ్వు కాపురం చేసేది నాతోనా, ఆ లింకేతోనా? ఆయన చచ్చి నూరేళ్లయింది, వంట కూడా చెయ్యడు!" ఫోల్క్‌మార్ నవ్వి, బంగాళదుంప ఉండ మరొకటి వడ్డించుకున్నాడు.

రెండువేల నాలుగు మే నెలలో, సరిహద్దు అవతల ఒక చెక్ ఊళ్లో, పియానో టీచరు ఇంట్లో ఆ కాగితం దొరికింది. ఆ సాయంత్రమే ఇద్దరం వాయించాం. నాకు చప్పగా తోచింది. ఆయన కళ్లలో నీళ్లు చూసి నోరు మెదపలేదు. అక్టోబరుకు హాలు మాట్లాడుకున్నాం.

ఆగస్టులో ప్లమ్ పళ్ల కేకులో ఉండిపోయిన గింజ కొరికి, ఆయన పై ముందుపన్ను విరిగింది.

హార్న్ వాయించేవాడి పెదవి నిలబడేది ముందుపళ్ల మీదే. డాక్టరు కొత్త పన్ను చక్కగానే కట్టాడు. చూసేవాళ్లకు తేడా తెలియలేదు, పెదవికి తెలిసింది. ఊదితే స్వరానికి ముందు గాలి వచ్చేది. పై స్వరాలు పగిలిపోయేవి. కచేరీ మానుకున్నాం. పొద్దున్నే నేలమాళిగలోకి దిగి గంటలకొద్దీ సాధన చేసేవాడు. "కిందనుంచి ఏ చప్పుడూ రాకపోతేనే నాకు భయం" అంది రోస్విటా. ఏడాది తిరక్కుండా ఉద్యోగం మానేశాడు.

చివరికి నేనే లైప్‌జిగ్‌లో పేరున్న హార్న్ కళాకారిణి మెర్టెన్స్‌కు ఉత్తరం రాసి, ఆ పాటలు ఒకసారి వాయించి చూడడానికి ఒప్పించాను. ఆవిడ ఇంట్లో నేను పియానో ముందు కూర్చున్నాను. ఫోల్క్‌మార్ కోటు విప్పకుండా కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆవిడ తొమ్మిదీ వరుసగా, ఎక్కడా తడబడకుండా వాయించింది.

"ముద్దుగా ఉన్నాయండీ" అంది, బూరలో చేరిన తేమ వంపేస్తూ. "కచేరీ అయ్యాక చప్పట్లు ఆగకపోతే ఒకటి వాయించొచ్చు. ఆ మూడోది."

"ఆరోది?" అన్నాడు ఫోల్క్‌మార్.

ఆవిడ నావైపు చూసింది. ఒకే ముక్కను నాలుగుసార్లు తిప్పి ఊరుకున్నాడు లింకే అందులో. తొమ్మిదింట్లో పేలవమైంది అదే.

"అదంత... మీకే తెలుసు కదండీ."

తిరుగు రైల్లో, దిగేముందు అన్నాడు: "జనం ఊరికే మర్చిపోలేదు ఎల్ఫ్రీడా. నాకే తెలీలేదు."

"మూడోది నువ్వు వాయిస్తే వేరే పాటలా ఉండేది" అన్నాను. నిజమే చెప్పాను.

"ఇప్పుడా చెప్తావు?"

ఆ బూరను మళ్లీ పెట్టెలోంచి తియ్యలేదు. నాలుగేళ్లకు పోయాడు. కాగితాల కట్టను రోస్విటా, నేను కలిసి ఊరి గ్రంథాలయానికి ఇచ్చాం. పోయిన శీతాకాలం వెళ్లి అడిగితే, ఇంతవరకూ ఎవరూ తీసి చూడలేదన్నారు. ఆ మాట రోస్విటాకు చెప్పాను.

"ఆ ఎనిమిదీ అప్పుడే వాయించేసుంటే ఊళ్లో ఓ నలభై మందైనా వినేవాళ్లు కదా" అంది.

వినేవాళ్లే. ఆ ఎనిమిదేళ్లూ ఆయన పెదవులు బంగారంలా ఉన్నాయి.