వెనక గోడ దూకిన మనిషి

చిక్కడపల్లి రోడ్డు మీది ఆ రెండంతస్తుల మేడకు పునాదిరాళ్లు మోసింది కురుమయ్యే. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి కూలికి వచ్చాడు. మేడ లేచింది, కూలీలు వెళ్లిపోయారు, మెట్ల కింద గదిలో పెళ్లాం మాసమ్మతో అతను మిగిలిపోయాడు. మందుల కంపెనీ వాళ్లు మేడను కిరాయికి తీసుకుని ఆఫీసు పెట్టాక, ఆ మెట్ల కింద మనిషినే వాచ్‌మన్‌ను చేశారు. ఈ ఊళ్లో సగం మంది వాచ్‌మన్‌లు అలా అయినవాళ్లే. మాసమ్మ అశోక్‌నగర్‌లో మా ఇంట్లో అంట్లు తోమేది. కురుమయ్య కుక్కను కూడా అదిలించేవాడు కాదు. అందుకే ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతోంది. బంద్ అంటే బజారంతా మూత. ఉద్యమం చేసేవాళ్లు చేస్తుంటే, సందట్లో సడేమియా అని దొంగలు ఖాళీ ఆఫీసుల మీద పడ్డారు. ఈ మేడలోనూ ఒక బంద్ నాడు వెనక గోడ దూకి ఫ్యాన్లు, టైపు మిషను ఎత్తుకుపోయారు. మేనేజరు వీరరాఘవరావు కురుమయ్యను అందరి ముందూ నిలబెట్టి కడిగేశాడు.

"మీవాళ్లే అయ్యుంటారు. తలపాగా చూసి వదిలేసి ఉంటావు. ఇంకోసారి ఎవడైనా గోడ దూకితే ముందు కొట్టు, తర్వాత అడుగు. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలి. ఇంకొక్క వస్తువు పోయిందంటే గది ఖాళీ చెయ్యాల్సిందే."

కురుమయ్య వెదురుకర్ర కొసకు ఇనుప పొన్ను వేయించుకున్నాడు.

తర్వాతి బంద్ నాడు మధ్యాహ్నం అన్నం తింటుండగా హెడ్ క్లర్కు శ్రీరామమూర్తికి గుర్తొచ్చింది. ఆఫీసులో స్టీలు బీరువాకు తాళం వేయలేదు, తాళంచెవులు దానికే వేలాడుతున్నాయి. దొంగలు పడితే మేనేజరు ఆయన్నీ వదలడు. ఈ మాట తర్వాతెప్పుడో ఆయన భార్య రత్నమాలే మా ఇంట్లో చెప్పింది. వాళ్లది గుంటూరు వైపు. ఆంధ్రావాడని తెలిస్తే రోడ్డు మీద దెబ్బలు తప్పవని ఆయన భయం. పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి, పాత తువ్వాలు తలకు చుట్టి, కూలివాడిలా అశోక్‌నగర్ నుంచి సందులు పట్టుకుని వచ్చాడు. మేడ గేటు ముందు చేతుల్లో ఇనుపకడ్డీలతో గుంపొకటి నిలబడి ఉంది. వెనక్కి వెళ్లి గోడ దూకాడు.

కురుమయ్యకు కనబడింది తలపాగా. మొదటి దెబ్బ మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు గదిలో ఉన్న మాసమ్మకు కూడా వినిపించింది. తర్వాత వీపు మీద, ఆ తర్వాత తల మీద. "నేనురా, శ్రీరామమూర్తిని" అన్న ఒక్క ముక్క అంటే కురుమయ్య ఆగిపోయేవాడు. గేటు దగ్గరివాళ్లు వింటారు, యాస పట్టిస్తుంది అని ఆయన పళ్లు బిగబట్టాడు. కురుమయ్య వీడెవడో మొండి దొంగ అనుకుని ఇంకా బాదాడు. తువ్వాలు రక్తంతో తడిసి జారిపోయాక మొహం తెలిసింది.

అప్పటికే గుంపు గేటు తోసుకుని లోపలికి వస్తోంది. కురుమయ్య వంగి ఆయన చెవిలో అన్నాడు.

"నోరు తెర్వకు సారూ. తెరిస్తె సంపుతరు."

"ఎవడ్రా వాడు?" అన్నాడు గుంపులో ముందున్నవాడు.

"మా బామ్మర్ది. నేను కావలున్న కాడికే దొంగతనానికొచ్చిండు."

"ఏదీ, జర మాట్లాడమను. ఈ నడుమ ఆంధ్రోళ్లు గూడ తలపాగలు సుట్టుకుంటున్నరు."

కురుమయ్య కర్ర ఎత్తి శ్రీరామమూర్తి నోటి మీదే కొట్టాడు. పళ్లు రాలాయి. పక్కటెముకల మీద కొట్టాడు, మోకాళ్ల మీద కొట్టాడు. ఏడుస్తూ కొట్టాడు. మాసమ్మకు సంగతి అర్థమై పరుగున వచ్చి ఆ మనిషి మీద పడిపోయింది. "మా అన్నను సంపకు" అని గుండెలు బాదుకుంది. ఆ దెబ్బల్లో ఒకటి ఆమె భుజానికీ తగిలింది.

చివరికి చూసేవాళ్లకే రోత పుట్టింది. "ఇడువురా, సస్తడు" అని ముందున్నవాడే కర్ర లాక్కుని పారేశాడు. పోతూ పోతూ కిటికీ అద్దాలు పగలగొట్టి పోయారు. కురుమయ్య శ్రీరామమూర్తిని భుజాన వేసుకుని నారాయణగూడ దాకా నడిచి ఆస్పత్రిలో చేర్చాడు.

మంచం పక్కన ఇన్‌స్పెక్టరు అడిగాడు. "నువ్వని గుర్తుపట్టాక కూడా కొట్టాడా?"

శ్రీరామమూర్తి అవునన్నట్టు తల ఊపాడు.

మాసమ్మ జరిగిందంతా చెప్పుకుంది. కట్టుకున్న పెళ్లాం సాక్ష్యం ఎవరికి కావాలి? అయినా ఇన్‌స్పెక్టరు మంచి మనిషే, "ఈమె చెప్పేది నిజమేనా?" అని మళ్లీ ఆయన్నే అడిగాడు. అవునంటే గోడ ఎందుకు దూకావంటారు, బీరువా సంగతి బయటపడుతుంది. మేనేజరు అక్కడే నిలబడి ఉన్నాడు. శ్రీరామమూర్తి కళ్లు మూసుకున్నాడు.

కురుమయ్యకు జైలు పడింది. మెట్ల కింద గదీ పోయింది, మాసమ్మ మా ఇంట్లోనే తలదాచుకుంది. విడుదలై మాసమ్మను తీసుకుపోవడానికి మా గుమ్మం ముందుకు వచ్చిన రోజున నేను ఉండబట్టలేక అడిగేశాను.

"ప్రాణం పోసినవాణ్ణి జైలుకు పంపాడు. ఒక్క మాట అనలేకపోయాడా ఆ మనిషి?"

"నోరు తెర్వకన్నది నేనే గదమ్మా" అన్నాడు కురుమయ్య. "పాపం, ఇంక తెర్వలేదు."