ఖాళీ అని రాసిన తోటలు

1978 నవంబరులో సర్వే కంపెనీ నన్ను అబుదాబి నుంచి దక్షిణాన ఒక ఒయాసిస్‌కు పార్టీ చీఫ్‌గా, అంటే సర్వే జట్టుకు పెద్దగా, పంపింది. నెల్లూరు జిల్లాలో పన్నెండేళ్లు భూములు కొలిచి వచ్చినవాణ్ణి. ఈ పనిలో నాకు తెలియనిది లేదన్న పొగరు ఉండేది.

ప్రతి ఖర్జూరపు తోటకూ హద్దులు తీసి, ఫారంలో అనుభవదారు పేరు రాయాలి. మూడుసార్లు వెళ్లినా మనిషి కనబడకపోతే ‘ఖాళీ’ అని రాయాలి. అలా రాసిన భూమి ప్రభుత్వానికి పోతుంది. ఎండాకాలంలో అక్కడ కోణాలు కొలిచే థియొడొలైట్‌తో పని సాగదు, వేడిగాలికి దూరపు గుర్తు కదిలిపోతుంది. అందుకే సర్వేలన్నీ చలికాలంలోనే. మనుషుల్లేని మట్టల గుడిసెలు చూడటం, ఖాళీ అని రాయడం, నెల తిరిగేసరికి నాకు ఆ మాటంటేనే విసుగొచ్చింది.

జనవరిలో సాలెం అనే ముసలి బదూ, ఎడారి సంచారి, పికప్‌లో వచ్చాడు. తన తోటలో మేం హద్దురాళ్లు పాతామని ఎవరో కబురు చేశారట. అతని అరబ్బీని మా పఠాను డ్రైవరు హిందీలో చెప్పాడు. చలికాలం వానకు ఇసుకలో గడ్డి మొలుస్తుంది, ఒంటెలతో అటు పోతారు. ఎండలు ముదిరి కాయ పండేవేళకు ఇంటిల్లిపాదీ తోటకు వస్తారు. తాతల నాటినుంచీ ఇంతే. నేను నియమం వినిపించాను. అతను వాదించలేదు, నాకే కోపమొచ్చింది. తప్పు మాదేనని అప్పటికే అనుమానం.

మా జట్టులో కొలత గొలుసు పట్టే రాజయ్యది జగిత్యాల వైపు. గల్ఫ్‌కు వచ్చి మూడేళ్లయినా ఇంటికి పోలేదు. మెల్లగా అడిగాడు.

“సారూ, మా ఊళ్లె గిప్పుడు సర్వే జేస్తే నా ఇల్లు గూడ ఖాళీ అనే రాస్తరా?”



పేర్లు రాసుకోవడానికైనా ఎండాకాలంలో మళ్లీ వద్దామని ముదీర్‌ను, అంటే మా మేనేజర్‌ను, అడిగాను. ఖలాస్, ఇక అయిపోయింది, షీట్లు నెలాఖరుకు పోవాలన్నాడు. బతిమాలితే, వచ్చి ఎదుట నిలబడ్డవాడి పేరు మాత్రం రాసుకోమన్నాడు. సాలెం పేరు రాసి వేలిముద్ర తీసుకున్నాను.

కబురు అందనివాళ్ల తోటలు ఖాళీగానే వెళ్లాయి. ఆ షీట్ల కింద నా సంతకమే ఉంది. నిరుడు గెలలు కోసిన మొదళ్లు చెట్టుచెట్టుకూ కనబడుతూనే ఉండేవి. ఫారంలో వాటికి గడి లేదు, ఎవరు కోశారని నేనూ అడగలేదు.

తర్వాత ఎక్కడ పని ఒప్పుకున్నా, జనం ఇళ్ల దగ్గరుండే నెల ఏదని ముందు కనుక్కునేవాణ్ణి. మనకు వీలైన నెలలో కొలిస్తే హద్దులు సరిగ్గానే వస్తాయి. హక్కుదారులే రారు.