కాదనే మేష్టారు

అనకాపల్లిలో మాకు ఇంగ్లీషు ట్యూషన్ చెప్పిన మేష్టారికి ‘ఐకనోక్లాస్ట్’ అన్న మాటంటే ప్రాణం. "పూర్వం విగ్రహాలు పగలగొట్టేవాణ్ణి అలా అనేవారు. ఇప్పుడు, అందరూ ముద్దుచేసుకునే నమ్మకాన్ని కాదనేవాడని అర్థం. ఏదీ, వాక్యంలో వాడండ్రా!" అనేవారు. ఎవరినీ కాదనలేని నేను స్పెల్లింగుతో సరిపెట్టుకున్నాను.

ఆయన మటుకు ఆ మాటని వాడుకలోనే పెట్టేరు. రాహుకాలం చూసి మరీ ఇల్లు మారేరు. క్రిస్మస్‌కి కొత్తబట్టలెందుకని పాస్టరుగారితో తగువు పడ్డారు. కూతురు కోటవురట్ల చెరకు రైతు కొడుకుని ఇష్టపడితే, కులం మతం అడక్కుండా సరేనన్నారు.

రెండువేల ఐదు ప్రాంతం. అప్పటికి నేను మేష్టారింట్లోనే ట్యూషన్ పిల్లల పేపర్లు దిద్దిపెడుతున్నాను.

"గుడీ వద్దు, చర్చీ వద్దు నాన్నా. రిజిస్టర్ పెళ్లి చేసుకుంటాం" అంది కూతురు.

మేష్టారి మొహం వాడిపోయింది. ఆమె చెయ్యి పట్టుకుని చర్చిలో పీఠం దాకా నడిపించాలని ఆమె పుట్టినప్పటినుంచీ ఆయన కోరిక. అందుకోసం నల్లకోటు కూడా కుట్టించేసేరు.

"అదొక్కటీ ఉండనీ అమ్మా."

"కాదనడం నేర్పించింది మీరే కదేటి?"

ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. "వాక్యంలో బాగా వాడేవు" అన్నారు చివరికి.

సాక్షి సంతకానికి నేనూ వెళ్లేను. మండుటెండలో మేష్టారు ఆ కోటుతోనే వచ్చేరు. రిజిస్ట్రారాఫీసు మెట్ల దగ్గర కూతురి చెయ్యి తన మోచేతిలో వేసుకున్నారు.

"బేగి రండి మేష్టారూ, లంచ్‌టైమైపోతంది!" అని లోపల్నుంచి గుమాస్తా కేకేసేడు.

ఆయన వినిపించుకోలేదు. ఉన్నవి నాలుగే మెట్లు. వాటినే ఎంత దూరం చెయ్యగలరో అంత దూరం చేసేరు.