సత్యవతి కాలు తడవకుండా

టీ చల్లారేలోపు చెప్పేస్తాను. ఆ ఫోటో మీ అందరి ఫోన్లకీ వచ్చే ఉంటుంది, రాలేదని నటించకండి. కళింగపట్నం ఇసుకలో పక్కకి ఒరిగి పడుకున్న పడవ ఉంది చూశారా, అది నాదే. దాని ముందు నెత్తి మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ పెద్దమనిషిని కూడా గుర్తుపట్టే ఉంటారు. ముప్పై ఏళ్ళు కార్గో షిప్పుల్లో ఇంజనీరుగా చేసి రిటైరైనవాడు. సముద్రం గురించి ఎవరు నోరు విప్పినా "నీకేం తెలుసు, కూర్చో" అనేవాడు. ఆ మహానుభావుడు నేనే.

రిటైరయ్యాక నాకో పిచ్చి పట్టింది. లోపల రెండు పడకలు, చిన్న వంటగది ఉన్న తెరచాప పడవ, యాట్ అంటారు చూడండి, అలాంటిది కొనుక్కుని మా కళింగపట్నం నుంచి ఒడిశాలో గోపాలపూర్ దాకా షికారు వెళ్ళాలని. ఒక్కణ్ణీ కాదు, మా ఆవిడ సత్యవతితో. ముప్పై ఏళ్ళు ఫోన్లో కాపురం చేశానండీ. ఇప్పుడైనా ఆవిడ పక్కన కూర్చుని సముద్రం చూడాలని నిజంగానే ఉండేది.

సత్యవతి మా ఊరి మత్స్యకారుల పిల్లే. చిన్నప్పుడు మొలలోతు నీళ్ళలో పడవలకి ఎదురెళ్ళి చేపల బుట్టలు మోసింది. మళ్ళీ నీళ్ళలో కాలు పెట్టనని ఒట్టు పెట్టుకుంది. అందుకే ఒక్కటే షరతు పెట్టింది.

"మనూరి ఒడ్డుకే తేవాల. నా కాలు తడవకుండా ఎక్కించాల. ఎక్కించినావా, ఎక్కడికంటే అక్కడికి వస్తాను. లేదంటే మర్నాడే అమ్మేసీ."

"ఓస్, ఇంతేనా!" అన్నాను. అదే నా మొదటి తప్పు.

బావమరిది ఎర్రన్నని వెంటేసుకుని విశాఖ వెళ్ళాను. వాడికి సొంత ఫైబర్ బోటు ఉంది, రోజూ వేటకి వెళ్తాడు. అక్కడ నల్లకళ్ళద్దాల బ్రోకరొకడు రెండు పడవలు చూపించాడు. ధర ఇంచుమించు ఒకటే.

మొదటిది కొత్త డిజైన్. పల్చగా, తేలిగ్గా ఉంది. వెనక భాగం పెళ్ళి స్టేజీ అంత వెడల్పు. ఎటు చూసినా స్క్రీన్లే. ఇది సముద్రం మీదకి వెళ్ళేదా, సెల్‌ఫోన్ షాపా?

"లిఫ్టింగ్ కీల్ సార్," అన్నాడు బ్రోకర్. "అడుగున దిగి ఉండే బరువు పలక. బటన్ నొక్కితే పైకి వచ్చేస్తుంది. లోతు లేనిచోటికి కూడా..."

"ఆగవయ్యా! అడుగు పైకి మడిచేసే పడవేంటి? పడవ అమ్ముతున్నావా, మడత మంచం అమ్ముతున్నావా?"

ఎర్రన్న పడీ పడీ నవ్వాడు. "మా బావకా సెప్తన్నావు బాబూ? బావ సూడని ఓడ లేదు!" అన్నాడు. వాడలా అనేసరికి నాకు ఇంకా ఎక్కింది.

రెండోది నాకంటే పదేళ్ళే చిన్నది. వేలితో కొడితే గోడని కొట్టినట్టు ఉంది. లోపలంతా టేకు, ఇత్తడి దీపాలు. అడుగున ఛాతీ లోతుకి దిగిన బరువైన కీల్, ఎత్తడం దించడం లేదు. "ఇదీ పడవంటే!" అన్నాను. "ఎంత గాలొచ్చినా ఒరగదు. ఆ కాలం వాళ్ళు బుర్ర పెట్టి కట్టారు. ఇప్పటివాళ్ళు బటన్లు పెట్టి కడుతున్నారు." బ్రోకర్ డబ్బు లెక్కపెట్టి తీసుకున్నాడు.

విశాఖ నుంచి సముద్రం మీద దారి పొడవునా దర్జాయే. మర్నాడు పొద్దున, పోటు బాగా ఉన్నప్పుడు, వంశధార సముద్రంలో కలిసేచోటికి వచ్చాం. ఒడ్డున చుట్టాలంతా ఉన్నారు. కొబ్బరికాయలు, డప్పులు, పొందూరు చీర కట్టుకుని హారతి పళ్ళెంతో సత్యవతి. అప్పుడు వచ్చింది నాకో ఆలోచన. ఇంతకీ దీన్ని ఎక్కడ ఆపాలి?

నేనెక్కిన ఓడలన్నీ రేవులోనే ఆగేవి. రేవు ఉంటుందిలే అని ముప్పై ఏళ్ళ అలవాటు. మా ఊళ్ళో రేవు ఎప్పుడో పోయింది, లైట్‌హౌస్ మిగిలింది. పుట్టి పెరిగిన ఊరండీ నాది!

"ఒరే ఎర్రన్నా, ఇప్పుడేం చేద్దాం?"

"ఏటుంది బావా? మేం రోజూ సేసీదే కదా. అల లేసినప్పుడు ఇంజను గట్టిగా తిప్పీ, ఇసక మీదకి ఎక్కించీ!"

వాడి బోటు అడుగు పీటలా చదునుగా ఉంటుంది. ఆ సంగతి వాడికీ గుర్తు రాలేదు, నాకూ రాలేదు. తిప్పాను. గట్టిగా తిప్పాను.

ధడేల్‌మంది! కీల్ ఇసుకలో దిగిపోయింది. వంటగదిలో గిన్నెలన్నీ నా మీదకి వచ్చాయి. డప్పులు ఆగిపోయాయి. వలలు లాగే ట్రాక్టరు తెచ్చి తాడేసి లాగించారు. కీల్ కింద ఇసుక నాగలి వేసినట్టు చీలింది, పడవ ఇంకా లోపలికి దిగింది. నెల్లిమర్ల నుంచి వచ్చిన మా పెదమావయ్య, "అల్లుడూ, దున్నుడు బాగున్నాది, సెనగ్గింజలు తెమ్మంటావేటి?" అన్నాడు. ఆయన్ని ఎవరు పిలిచారో!

పోటు తీసేసింది. చుట్టూ నీళ్ళు పోయాయి. ఎంత గాలొచ్చినా ఒరగని నా పడవ, ఆకు కూడా కదలని ఎండలో, అందరూ చూస్తుండగా, మెల్లిగా పక్కకి వాలి పడుకుంది. అప్పుడు తీసిందే ఆ ఫోటో. ఎవడో దాన్ని బ్రోకర్‌కి కూడా పంపాడు. "మంచం బాగుంది సార్" అని జవాబు పెట్టాడు వెధవ.

అప్పుడు కదిలింది సత్యవతి. చెప్పులు విప్పలేదు. ఎండకి ఆరిన ఇసుక మీద టకటకా నడిచొచ్చి, నేలకానిన పడవ అంచు మీద కాలు పెట్టి, గడప దాటినట్టు ఎక్కేసింది. వాలిన చెక్క మీద కూర్చుని రెండు పాదాలూ నా మొహం ముందు చాపింది.

"సూడు. సుక్క నీరు తగల్లేదు. మాటంటే మాటే, ఎక్కించినావు."

ఒడ్డంతా గొల్లుమంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. "రేపే అమ్మేస్తాను సత్యవతీ," అన్నాను.

"ఎందుకూ? అన్ని ఓడలూ నిన్ను తీసుకుపోయినవే. నిన్ను కదలనియ్యని ఓడ ఇదొక్కటే. ఉండనీ. రా, ఇలాగ కూకో."

కూర్చున్నాను. జారిపోకుండా ఆవిడ చెయ్యి పట్టుకుని, ఇద్దరం సముద్రం చూశాం. సముద్రం మాత్రం ఆమడ దూరంలో ఉంది.

కాబట్టి పడవ ఇవాళ్టికీ అక్కడే ఉంది. మీలో ఎవరికైనా గోపాలపూర్ రావాలని ఉంటే చెప్పండి, టిక్కెట్టు లేదు. పార మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.