చేతులూపుకుంటూ వచ్చే కురమోచి మాస్టారు

కురమోచి మాస్టారు ఏమీ మోయరు. సంచీ మోయరు, టిఫిన్ డబ్బా మోయరు. వానాకాలంలో స్టేషన్ నుంచి ప్రయోగశాల దాకా ఒకరి గొడుగులోంచి ఇంకొకరి గొడుగులోకి దూరుతూ, ఒంటి మీద చుక్క పడకుండా వచ్చేస్తారు.

"మోసేవాడు ఎగరలేడమ్మాయ్!" అంటారు శిష్యురాలు చిహరుతో.

ఒసాకా వెళ్ళొచ్చినవాడు తోటివాళ్ళకు మిఠాయి పెట్టె తేకపోతే ఆఫీసులో తలెత్తుకోలేడు. మాస్టారు మాత్రం దర్జాగా చేతులూపుకుంటూ దిగుతారు. మూడో రోజుకు పెట్టె పోస్టులో దిగుతుంది.

"చూశారా? పంపేవాడు ఉంటే చాలు, మొయ్యడం దేనికి?"

ఆయన రాకెట్టూ అంతే, ఇంధనం మోయదు. చూడ్డానికి బోర్లించిన గ్లాసు. నేల మీది యంత్రం కింది నుంచి మైక్రోవేవ్ కిరణం కొడితే, లోపలి గాలి పేలి గ్లాసును పైకి తోస్తుంది. దాన్ని తయారుచేసింది చిహరు. మూడేళ్ళ చదువు ఆ గ్లాసు మీదే ఉంది. యంత్రం వాళ్ళకు దొరికింది ఒక్క పూట, మధ్యాహ్నం పన్నెండు దాకా.

భయం కొద్దీ చిహరు, పరీక్షల ముందు పిల్లలంతా కొనుక్కునే గుడి తాయెత్తును, చిన్న గుడ్డసంచీని, ఎవరూ చూడకుండా గ్లాసు లోపలి అంచుకు అంటించింది. ఆ బుల్లి సంచీకి లోహపు జరీ ఉందన్న సంగతి ఆమెకు తట్టలేదు. ప్రయోగశాల భద్రతాధికారి నుమాజిరి ప్రతి బోల్టునూ వేలితో చూపిస్తూ "సరే! సరే!" అని కేకలు పెట్టాడు గానీ, గ్లాసులోకి తొంగిచూడలేదు. కిరణం తగలగానే జరీ చిటపటలాడింది. రాకెట్ పక్కకు ఒరిగి పొగ కక్కింది.

నుమాజిరి మాడిన సంచీని పటకారుతో బయటికి తీశాడు.

"ఎవరిదిది? పెట్టినవాళ్ళు ఈ ఏడాదికి ఈ గడప తొక్కరు!"

చిహరుకు నోరు పెగిలేలోగా మాస్టారు అందుకున్నారు. "నాదండీ."

"మీదా? జేబురుమాలు కూడా మోయని మీదా?"

"అందుకేగా రాకెట్‌తో మోయించాను!"

గదంతా గొల్లున నవ్వింది. నుమాజిరి మాత్రం నవ్వలేదు. సాయంత్రానికల్లా మూడు పేజీల క్షమాపణ పత్రం కావాలని చెప్పి, మాస్టారిని బయటికి పంపి తలుపేశాడు.

ఇంకా ఇరవై నిమిషాలు మిగిలాయి. చిహరు అదనంగా చేసి ఉంచిన రెండో గ్లాసును గబగబా బిగించింది. ఈసారి నుమాజిరి లోపలికి రెండుసార్లు తొంగిచూశాడు.

పన్నెండు కాగానే చిహరు వరండాలోకి పరుగెత్తింది.

"మాస్టారూ, ఎగిరింది! రెండు మీటర్లు! కానీ ఆ తాయెత్తు... లోపలికెళ్ళి నిజం చెప్పేస్తాను."

"నోరు మూసుకోమ్మాయ్. పైకెళ్ళేవాళ్ళ నెత్తిన బరువు పెడతారా ఎవరైనా? నేల మీద మేం ఉన్నదెందుకు?"

చిహరుకు కళ్ళు చెమర్చాయి. మాస్టారు అప్పటికే జేబులన్నీ తడుముకుంటున్నారు.

"మూడు పేజీలట. నీ దగ్గర కాగితాలున్నాయా? కలం కూడా ఇవ్వు."