హనుమండ్లు మైకులో అన్న మాట

మెట్‌పల్లిలో హనుమండ్లు ఎవరని అడిగితే ఎవరూ చెప్పరు. కోలాటం హనుమండ్లు అంటే మాత్రం బస్టాండులో రిక్షావాళ్ళు కూడా ఇల్లు చూపిస్తారు. పగలంతా కుట్టు మిషను తొక్కుతాడు. చెప్పిన రోజుకు లాగు కుట్టి ఇచ్చిన పాపాన పోలేదు. కానీ సాయంత్రం కట్టెలు పట్టుకుని, మెడలో విజిల్ వేసుకుని నడిమిట్ల నిలబడితే దొర లెక్క ఉంటాడు. విజిల్ ఒకసారి కొడితే అడుగు మారాలి, రెండుసార్లు కొడితే జోరు పెరగాలి. జనం ఎంత ఎక్కువుంటే జోరు విజిల్ అంత తొందరగా పడుతుంది. అది ఆయన రోగం.

తొంభై ఒకటిలో సరళాదేవి టీచరమ్మ ఆయన దుకాణానికి వచ్చింది. ఆమె ప్రతి ఆదివారం బడి గదిలో కొందరు పడుచువాళ్ళతో ఆటాపాటా చేయించేది. వాళ్ళకు తెలివికేం తక్కువ లేదు. మెదడు చెప్పిన మాట కాళ్ళూ చేతులూ సరిగ్గా వినవు, అంతే. నిండు చెంబు పట్టుకొని నడవడం కూడా పెద్ద పనే. హైదరాబాదు డాక్టరు దానికి డిస్‌ప్రాక్సియా అని పేరు చెప్పాడట. మా వాడ పెట్టిన పేరు వేరే ఉంది. అది ఇక్కడ రాయను.

"జర వారానికొక్కపూట వచ్చి కోలాటం నేర్పుతవా హనుమండ్లూ? మేమైతే ఏం ఇయ్యలేం," అంది టీచరమ్మ.

"మిమ్ముల పైసలెవ్వలడిగిండ్రమ్మా! నా చేతుల పడితె మూలకున్న రోకలి సుత ఆడుతది," అన్నాడు మీసం దువ్వుతూ.

మొదటి ఆదివారమే వాళ్ళలో వెంకటి అనేవాడి కట్టె వచ్చి ఆ మీసానికి తగిలింది. యాదవ్వ కుడి అంటే ఎడమకు తిరిగింది. యాదవ్వకు ఇరవై ఏళ్ళు. బీడీ చుట్టబోతే ఆకు చిరుగుతుంది. బీడీ చేయరాని పిల్లను మా దగ్గర ఎవరు లెక్కచేస్తారు? అందుకే తల్లి లస్మవ్వ ఆమెను నలుగురిలోకి రానిచ్చేది కాదు.

"ఓ పిల్లా, గటు గాదు, గిటు!"

"నాకు తెలుస్తున్నది కాకా. గీ కాలుకే తెలుస్తలే."

హనుమండ్లు పగలబడి నవ్వాడు. యాదవ్వ ఇంకా ఎక్కువ నవ్వింది. ఆ రోజు నుంచి ఆయన విజిల్ ఇంట్లోనే వదిలి వచ్చేవాడు. పాట సాగదీసి పాడేవాడు. ఎవరి కట్టె జారినా అందరూ ఆగాలి, పాట కూడా ఆగాలి. వానలు పడేనాటికి వాళ్ళు గుండ్రంగా తిరుగుతూ కట్టెకు కట్టె తాకించారు. ఆ చప్పుడు విని కిటికీ బయట లస్మవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. హనుమండ్లుకు మాత్రం ఆ చప్పుడు తలకెక్కింది.

"వినాయకుని మండపం కాడ ఆడిపిస్త," అన్నాడు.

"మందిల వద్దు కాకా. నవ్వుతరు," అంది యాదవ్వ.

"నేనుండంగ నీకు ఫికరెందుకె? మెల్లగనే ఆడుదం. నా మీద ఒట్టు."

ఆ సాయంత్రం మెడలో విజిల్ వేసుకున్నాడు, ఊరికే అందానికని. మొదట్లో ఆట బాగానే సాగింది. అంతలో జనంలోంచి ఎవరో అరిచారు: "ఓ హనుమండ్లూ, నిద్దరొస్తున్నదే! జోరు లేదా?"

ఆయన చెయ్యి ఆయన్ని అడగలేదు. విజిల్ రెండుసార్లు మోగింది. డోలు కొట్టేవాడు దరువు పెంచాడు. యాదవ్వ అటు తిరగబోయి ఇటు తిరిగింది, వెంకటి ఆమెకు తగిలి బోర్లాపడ్డాడు, కట్టెలు నలుదిక్కులా దొర్లాయి. మండపమంతా నవ్వులే నవ్వులు. హనుమండ్లు మైకు అందుకున్నాడు.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి! గిది నవ్వులాటనే. కావాలనే గిట్ల చేపిచ్చిన!"

చప్పట్లు మోగాయి. వెంకటి నేలమీద నుంచే జనానికి సలాం కొట్టాడు. యాదవ్వ చేతిలో మిగిలిన కట్టె కింద పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆయన మిషను ముట్టలేదు.

"అందరు మెచ్చుకున్నరు గద, గా మొఖమేంది?" అంది పెళ్ళాం కిష్టవ్వ.

"నన్ను మెచ్చుకున్నరే. నా ఇజ్జత్ నేను కాపాడుకున్న," అని లేచి యాదవ్వ ఇంటికి పోయాడు.

యాదవ్వ చాట ముందు కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. తల ఎత్తలేదు.

"విజిల్ నువ్వే కొడితివి కాకా."

"అవ్ బిడ్డా."

"మేం పడితె నీకు సిగ్గయింది."

గోడకేసి చూశాడు, చూరుకేసి చూశాడు. "అయింది," అన్నాడు.

"మైకుల అన్న మాట గదే మైకుల వాపస్ తీస్కో. లేకుంటె ఆదివారం నేను రాను."

ఆ సాయంత్రమే మండపం ఎక్కాడు. "నిన్న నేను అబద్ధం చెప్పిన. గది నవ్వులాట గాదు. పిల్లలు మంచిగనే ఆడుతుండె. నేనే విజిల్ కొట్టి ఆగం జేసిన. నా ఇజ్జత్ కోసం వాళ్ళను నవ్వులపాలు జేసిన," అన్నాడు.

"మల్ల షురు జేసిండురా!" అని జనం పొట్టలు పట్టుకున్నారు. ఆయన చేతులు జోడిస్తే అదీ నటనే అనుకున్నారు. నవ్వనిది ఇద్దరే. వెనక నిలబడ్డ యాదవ్వ, ముందు వరసలో వెంకటి.

ఆదివారం యాదవ్వ వచ్చింది. వెంకటి రాలేదు. హనుమండ్లు ఆటను ఆపి అతని ఇంటికి పోయాడు. వెంకటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"పడ్డ తెల్లారి బజార్ల పోతె, మస్తు నవ్విచ్చినవ్ రా అని నా భుజం తట్టిండ్రు కాకా. నన్ను గట్ల ఎన్నడు ఎవ్వలు అనలే. నేను నవ్విచ్చిననే అనుకున్న," అన్నాడు. "గా నవ్వు సుత నాది కాదని మైకుల చెప్తివి."

హనుమండ్లు అరుగు అంచున కూర్చున్నాడు.

"ఇయ్యాల్ల నేను రాను," అన్నాడు వెంకటి. "నువ్వు పో. వాళ్ళు నీ కోసం చూస్తుండొచ్చు."

వచ్చే ఆదివారం సంగతి హనుమండ్లు అడగలేదు. తలవంచుకుని బడి దారి పట్టాడు.